నాన్న గుండె ఆగితే ఏం చేయాలో నాన్ననే అడగమంది నర్సు. నేనెలా అడగను?

పట్టుపోగు (బరంపురం)

అందరికీ నమస్కారం. రాత్రి రెండైంది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా నాన్నకి 72 ఏళ్ళు. నలభై ఏళ్ళు మగ్గం మీద పట్టు నేశారు. నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ ఏడాది గుండె కూడా బలహీనపడింది. ఎకో తీసి పంపింగ్ 20 శాతమే ఉందన్నారు. పది రోజుల కిందట ఆయాసం ఎక్కువైతే చేర్పించాం. డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతోంది, నీరు పూర్తిగా తీయలేకపోతున్నారు. మనిషి మాత్రం తెలివిగానే ఉన్నారు. మందుల షాపు చిల్లర కూడా లెక్క అడుగుతున్నారు.

మొన్న రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు నన్ను పక్కకి పిలిచింది. ఒడియా అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. నాన్నని మౌసా (ఒడియాలో బాబాయి వరస) అని పిలుస్తుంది. "దీదీ, ఒకవేళ మౌసా గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి, గొట్టం వేసి, మిషను పెట్టాలా వద్దా అన్నది ఆయన్ని ఎప్పుడైనా అడిగారా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న పోతాడని చెప్తున్నావా అని వార్డంతా వినపడేలా అరిచాను. ఆ పిల్ల తిరిగి ఒక్క మాట అనలేదు. నీళ్ళ సీసా నా చేతికిచ్చి నా పక్కన కూర్చుంది.

పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు రెండు నిమిషాలు నిలబడి, ఇంట్లో వాళ్ళు మాట్లాడుకుని చెప్పండి, ఫారం ఉంటుంది అని వెళ్ళిపోయారు. అన్నయ్య సూరత్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే, ఎంత ఖర్చైనా అన్నీ చేయించు, సంతకం పెట్టావంటే నీ మొహం చూడను అన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

అసలు ఇలాంటి మాట నర్సు అడగవచ్చా? వద్దంటే ఇక వైద్యమే ఆపేస్తారా? అడగాల్సి వస్తే నాన్నని ఏమని అడగను?

రాత్రి డ్యూటీ (సొంతూరు పర్లాకిమిడి, పని విశాఖలో)

అమ్మా, ముందు ఏమైనా తిన్నారా? వార్డు బయట కూర్చున్నవాళ్ళు తిండి మానేస్తారు, మూడో రోజుకి వాళ్ళే పడిపోతారు.

నేను ఐసీయూలో 14 ఏళ్ళుగా నర్సుని. ఆ అమ్మాయి అడిగింది తప్పు కాదు. అడగకుండా ఊరుకునేవాళ్ళే ఎక్కువ. మాకూ భయమే. ఎవరైనా అరుస్తారు, ఇన్‌ఛార్జికి చెప్తారు, "నీకెందుకు" అంటారు. అయినా అడిగిందంటే దానికి కారణం ఉండే ఉంటుంది. వీలైతే రేపు ఆమెనే అడగండి.

సీపీఆర్ అంటే ఏమిటో ఉన్నదున్నట్టు చెప్తాను. గట్టిగా అనిపిస్తే క్షమించండి. గుండె ఆగిన మనిషిని గట్టి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక మీద రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కుతాం. పెద్దవాళ్ళకి పక్కటెముకలు విరగడం మామూలే. ఆ చప్పుడు మా చేతులకి తెలుస్తుంది. నోట్లోంచి గొట్టం దింపుతాం. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఎడ్రినలిన్ ఇస్తాం. కరెంట్ షాక్ అన్ని రకాల గుండె ఆగుడుకీ పనిచేయదు. మానిటర్ మీద గీత చదునుగా ఉంటే షాక్ వల్ల లాభం లేదు. సినిమాల్లో నాలుగుసార్లు నొక్కగానే దగ్గి లేచి కూర్చుంటారు. వార్డులో అలా జరగదు. గుండె మళ్ళీ మొదలైనా చాలామంది వెంటిలేటర్ మీదికి వెళ్తారు. ఈలోపు మెదడుకి రక్తం అందని నిమిషాలు ఉంటాయి కదా, వాటి దెబ్బ వేరు.

ఇదంతా వద్దని చెప్పడానికి రాయడం లేదు. నిన్నటిదాకా నడిచి, హఠాత్తుగా హార్ట్ ఎటాక్‌తో పడిపోయిన మనిషికి ఇదే ప్రాణం పోస్తుంది. అలా బతికి, తర్వాత స్వీట్లు పట్టుకుని మా వార్డుకి వచ్చినవాళ్ళు ఉన్నారు. కానీ కిడ్నీలు పోయి, గుండె సన్నగిల్లి, నెలలుగా క్షీణిస్తున్న శరీరంలో గుండె చివరగా ఆగితే, దాన్ని నొక్కి లేపినా అది ఆగడానికి కారణమైన జబ్బు అక్కడే ఉంటుంది.

మీ రెండో ప్రశ్నకి జవాబు: ఆపరు. ఆ ఫారాన్ని ఆసుపత్రుల్లో డీఎన్ఆర్ (డు నాట్ రిససిటేట్) అంటుంటాం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో డీఎన్ఏఆర్ అని ఉంటుంది. అది ఒక్క సీపీఆర్‌కి సంబంధించిన మాట. గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయం, అంతే. డయాలసిస్, ఆక్సిజన్, యాంటీబయాటిక్, నొప్పి మందు, తిండి, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం ఏవీ ఆగవు. ఫారం పెట్టాక పేషెంటు దగ్గరికి వెళ్ళడం తగ్గించే నర్సులు లేరని అనను. అది తప్పు. మీ కంటపడితే నిలదీయండి.

నిర్ణయం రాసేది చికిత్స చేసే డాక్టరు. మన దగ్గర నర్సు సంతకంతో అది అమలు కాదు. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకున్న సీనియర్ నర్సులు కూడా ఆ పత్రం రాయగలరు. మన దగ్గర అలా లేదు. కానీ సంతకానికి ముందు జరగాల్సిన మాటలన్నీ ఎక్కడ జరుగుతాయి? రౌండ్స్‌లో రెండు నిమిషాల్లో జరగవు. రాత్రి మూడింటికి బెడ్‌పాన్ పెట్టినప్పుడు, నిద్ర పట్టక "సిస్టర్, ఇంకా ఎన్నాళ్ళు?" అని ఆయన అడిగినప్పుడు జరుగుతాయి. వినేది మేమే. విన్నది డాక్టరు దాకా, ఇంటివాళ్ళ దాకా చేర్చకపోతే మేం ఉండి ఏం లాభం?

గంజాం అబ్బాయి (సూరత్)

సిస్టర్ గారూ, మీరు మంచివారే కావచ్చు. అందరూ మీలా ఉండరు. మా నాన్నని చేర్చినప్పుడు పదిహేను కాగితాల మీద మా బాబాయి చేత సంతకాలు పెట్టించారు. అందులో ఇదీ ఒకటని ఆయన పోయాక తెలిసింది. అప్పటికి నాన్న మాట్లాడుతున్నాడు, చాయ్ తాగుతున్నాడు. ఎవరూ అడగలేదు. నేను రైల్లో ఉన్నాను, రాయ్‌పూర్ దాటలేదు. ఇప్పటికీ నాకు ఒకటే ప్రశ్న. నొక్కి ఉంటే నేను వచ్చేదాకా ఉండేవాడా?

అక్కా, మీ అన్నయ్య కోపం నాకు తెలుసు. సంతకం పెట్టొద్దు. బెడ్ ఖాళీ చేయించుకోవడానికి అడుగుతారు ఇవన్నీ.

రాత్రి డ్యూటీ

తమ్ముడూ, మీకు జరిగింది అన్యాయం. దాన్ని సమర్థించే ఒక్క మాట కూడా నా దగ్గర లేదు. మనిషి తెలివిలో ఉంటే అతనితోనే మాట్లాడాలి. అడ్మిషన్ కాగితాల మధ్యలో పెట్టి సంతకం తీసుకోవడం మాట్లాడటం కాదు. బ్రిటన్‌లో 2014లో అప్పీల్ కోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. జానెట్ ట్రేసీ అనే లంగ్ క్యాన్సర్ పేషెంటు కేస్‌షీట్‌లో ఆమెని అడగకుండా ఇలాంటి ఆదేశం రాశారు. భర్త కోర్టుకి వెళ్ళాడు. బాధ కలుగుతుందన్న ఒక్క కారణంతో పేషెంటుకి చెప్పకుండా ఉండటం కుదరదని కోర్టు చెప్పింది. అది వేరే దేశపు తీర్పే. కానీ మంచం మీది మనిషి అక్కడైనా ఇక్కడైనా మనిషే కదా.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి ఉంది. ఎవరితోనూ మాట్లాడరు, ఫారం ఉండదు, కానీ బతకడని లోపల అనుకుని, ఇంటివాళ్ళు చూస్తున్నారని మెల్లగా, పైపైన నొక్కుతారు. అది పేషెంటుకీ మోసమే, మీకూ మోసమే. చేస్తే పూర్తిగా చేయాలి, వద్దనుకుంటే నిజం చెప్పి మానాలి. నా మొదటి ఏడాదిలో అలాంటి దాంట్లో నేనూ నిలబడ్డాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

కోర్టు మెట్లు (రాయగడ)

కోర్టులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చట్టం సంగతి కొంచెం చెప్తాను. జనం రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నారు.

గుండె ఆగినప్పుడు సీపీఆర్ చేయకపోవడం ఒకటి. వెంటిలేటర్ లాంటివి పెట్టకపోవడం, పెట్టినవి తీసేయడం, దానికి ముందే రాసి ఉంచుకునే వీలునామా లాంటి పత్రం ఇంకోటి. ఈ రెండో దానికి సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో దారి చూపింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. అప్పుడు పెట్టిన పద్ధతి ఎంత కష్టమంటే, పత్రం మీద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సంతకం కావాలి. మామూలు మనిషికి అయ్యే పనేనా? 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధృవీకరణ చేయించుకుంటే చాలు. అమలు చేసే రోజు వచ్చినప్పుడు ఆసుపత్రిలో మొదట ఒక డాక్టర్ల బోర్డు, తర్వాత రెండో బోర్డు చూడాలి. వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి.

నర్సుల మీద అనుమానం గురించి ఒక్క మాట. ఈ తీర్పులన్నిటికీ ముందు 2011లో అరుణా శాన్‌బాగ్ కేసు ఉంది. ఆమె స్వయంగా నర్సు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో 1973లో ఆమె మీద దాడి జరిగింది. 2015లో న్యుమోనియాతో పోయేదాకా అదే ఆసుపత్రిలో మంచం మీదే ఉంది. అన్నేళ్ళూ చూసుకున్నది అక్కడి నర్సులే. ఆమెకి ఆహారం ఆపడానికి అనుమతించాలని పిటిషన్ వస్తే, వద్దని నిలబడ్డది వాళ్ళే. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఆ ఆసుపత్రి సిబ్బందికే ఉందని కోర్టు ఒప్పుకుంది. ఆ నర్సులు అనుకున్నది సరైనదా కాదా అని ఇవాళ వాదించుకోవచ్చు. బెడ్ ఖాళీ చేయించే తొందర మాత్రం వాళ్ళకి లేదు.

ప్రాణహిత (సిరొంచ)

నాది గడ్చిరోలి జిల్లా చివర. ఇక్కడ మేం ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు. అందుకే పెద్ద జబ్బు వస్తే గోదావరి బ్రిడ్జి దాటి తెలంగాణ వైపు పోతాం.

మా నాయనమ్మని అట్లనే వరంగల్ తీసుకుపోయాం. ఊపిరితిత్తులు పూర్తిగా పోయినయి. అక్కడ ఒక నర్సమ్మ అడిగింది, అవ్వ ఏమంటది అని. మేం ఐదుగురం ఉన్నాం, ఒక్కరికీ జవాబు తెల్వదు. అవ్వని ఎవ్వరం అడగలేదు. ఆఖరికి మా చిన్నత్త అడిగితే, "నన్ను ఇంటికి తీసుకపోండ్రి, నా మంచం మీద పండుకుంట" అన్నది. నర్సమ్మ, డాక్టరు కలిసి ఆక్సిజన్ సిలిండర్ ఎట్లా వాడాలో నేర్పించారు, ఆయాసానికి మందు రాసిచ్చారు. తొమ్మిది రోజులు ఇంట్లో ఉంది.

ఒక్కటి మాత్రం మాకు ఎవ్వరూ చెప్పలేదు. ఆఖరి గంటలో అవ్వ ఊపిరి గురగురమంటే మా తమ్ముడు భయపడి 108కి ఫోన్ చేసిండు. వచ్చినవాళ్ళకి ఏం తెలుసు? వాళ్ళ డ్యూటీ ప్రకారం నొక్కబోయారు. మా అత్త అడ్డం పడి కాళ్ళు పట్టుకుంది. అందుకే చెప్తున్నా. ఇంటికి తీసుకుపోయేవాళ్ళు ఆఖరికి ఏమేం కనిపిస్తదో, ఊపిరి ఎట్లా మారుతదో, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ముందే నర్సుని అడిగి రాసి పెట్టుకోండి.

రాత్రి డ్యూటీ

అక్కా, ఇది మేమే చెప్పాల్సింది. ఆ గురగుర వినేవాళ్ళకి భయంగా ఉంటుంది. గొంతులో ఊట చేరడం వల్ల వచ్చే చప్పుడది. చాలావరకు ఆ సమయానికి మనిషికి స్పృహ ఉండదు. పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది.

ఒక ఆసుపత్రిలో రాసిన ఫారం ఇంకో ఆసుపత్రికి తనంతట తాను వెంట రాదు. అంబులెన్సులోకీ రాదు. ఊరు మారినా, ఆసుపత్రి మారినా మళ్ళీ చెప్పుకోవాలి, డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. మన సరిహద్దు వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పొద్దున ఒడిశాలో, సాయంత్రం ఆంధ్రలో ఉంటాం కదా.

పట్టుపోగు (బరంపురం)

అందరివీ రెండేసిసార్లు చదివాను. కోర్టు మెట్లు గారూ, నాకు ఆ తేడా ఇప్పుడే తెలిసింది. ఇవాళ అమ్మకి చెప్పాను. బతికున్న మనిషి ముందు ఆ మాట ఎత్తితే అపశకునం అంది. మా ఊరి అమ్మవారు ఠాకురాణికి మొక్కుకుంది, ఈసారి యాత్రకి నాన్నతో కలిసి ఘటం ముందు నిలబడాలని. నేను గదిలోకి వెళ్ళి, కూర్చుని, కాళ్ళు పట్టి, ఏమీ అడగకుండానే బయటికి వచ్చేశాను. నోరు రావడం లేదు. ఏ మాటతో మొదలుపెట్టాలి?

పాత మాస్టారు (పర్లాకిమిడి)

అమ్మాయీ, నేను వైద్యం తెలిసినవాణ్ణి కాను. నా భార్య క్యాన్సర్‌తో పోయింది కాబట్టి రాస్తున్నాను.

ఆసుపత్రిలో మమ్మల్ని అడిగిన మాట "ఎగ్రెసివ్‌గా వెళ్దామా, కన్సర్వేటివ్‌గా వెళ్దామా" అని. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నాకే తల తిరిగింది. ఆవిడ మొహం చూశాను, ఏమీ అర్థం కాలేదు. మా ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగులో రాయాలని అంత పోరాడారు. సవరల భాష నేర్చుకుని వాళ్ళకి పాఠాలు రాశారు. ఆ ఊరి మనుషులం, చావుబతుకుల మాట మాత్రం మనకి రాని భాషలో వింటున్నాం. మా జిల్లాలో కొండల మీంచి వచ్చే సవర ముసలివాళ్ళకైతే ఒడియా కూడా సరిగా రాదు. వాళ్ళని ఎవరు ఏ భాషలో అడుగుతారు? ఆ భాష వచ్చిన ఆయా ఎవరైనా వార్డులో ఉంటే డాక్టరు పక్కన ఆవిడ కూర్చోవాలి.

నీ సంగతికి వస్తే, చావు మాటతో మొదలుపెట్టకు. "నాన్నా, డయాలసిస్‌లో ఏది ఎక్కువ బాధగా ఉంది?" అని అడుగు. తర్వాత ఊరుకో. ఆయన మాట్లాడేదాకా ఊరుకో. నా భార్య ఆ మౌనంలోనే చెప్పింది నాకు.

రాత్రి డ్యూటీ

మాస్టారు చెప్పినదే మేమూ చేస్తాం. జబ్బు గురించి మీకు ఏం చెప్పారు, మీరేం అనుకుంటున్నారు అని అడుగుతాను. తర్వాత దేనికి భయంగా ఉంది అంటాను. చాలామంది చావు అని చెప్పరు. ఊపిరాడక గిలగిలలాడటం అంటారు, ఒంటరిగా ఉండటం అంటారు, అప్పు అంటారు. అవి విన్నాకే గుండె సంగతి.

ఇంటివాళ్ళని "సీపీఆర్ చేయమంటారా, వద్దా?" అని నేను అడగను. అలా అడిగితే తండ్రిని బతికించమంటావా, చంపమంటావా అన్నట్టు వినిపిస్తుంది. ఏ కూతురు వద్దంటుంది? "నాన్నగారు ఇప్పుడు ఇక్కడ కూర్చుని మన మాటలు వింటుంటే ఏమంటారు?" అని అడుగుతాను. మీ నాన్నగారైతే స్వయంగా చెప్పగలరు. ఇంకా టైముంది. ఆ అమ్మాయిని మీ పక్కన కూర్చోమనండి.

జయపురం డాక్టరు (కొరాపుట్ జిల్లా)

ఆలస్యంగా చూశాను. మా వాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పి వెళ్ళిపోవడం నిజమే, అందుకు సిగ్గుపడుతున్నాను. ఒక్కడికి అరవై మంచాలు ఉన్న రోజులూ నిజమే.

లెక్క అడగండి, డాక్టరు చెప్పాలి. వసతులు బాగా ఉన్న దేశాల్లో కూడా ఆసుపత్రి లోపల గుండె ఆగినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరు ఇంటికి వెళ్తారు. అది అన్ని రకాల పేషెంట్లనూ కలిపితే. డయాలసిస్‌తో పాటు గుండె ఇంత బలహీనమైతే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. సీపీఆర్ పుట్టింది ఇలాంటివాళ్ళ కోసం కాదు. 1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ నుంచి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ పైనుంచి నొక్కే పద్ధతిని ప్రచురించారు. వాళ్ళ 20 మంది పేషెంట్లలో 14 మంది బతికారు. వాళ్ళలో చాలామందికి మత్తు మందు లాంటి కారణంతో గుండె హఠాత్తుగా ఆగింది. అంటే ఆ కారణం పోతే మళ్ళీ నడవగల గుండెలవి. తర్వాత అదే పద్ధతి ఆసుపత్రుల్లో దాదాపు అందరికీ చేసే పనిగా మారింది. అడగకపోతే చేయడమే మా నియమం. అందుకే ముందే అడగాలి.

మా వార్డులో నేను కుర్చీ వేసుకుని కూర్చున్న రోజు, నర్సు పక్కన ఉన్న రోజు, మాట వేరేగా నడుస్తుంది. నేను వెళ్ళిపోయాక పేషెంటు "డాక్టరు గారు ఏమన్నారు?" అని అడిగేది ఆమెనే. నేను ఏమన్నానో ఆమె వినకపోతే ఏం చెప్తుంది?

గంజాం అబ్బాయి (సూరత్)

డాక్టర్ గారూ, కొడుకు ఒకటి, కూతురు ఒకటి చెప్తే ఎవరి మాట?

జయపురం డాక్టరు (కొరాపుట్ జిల్లా)

పేషెంటు తెలివిలో ఉండి విషయం అర్థం చేసుకోగలిగితే అతని మాటే. కొడుకుదీ కాదు, కూతురుదీ కాదు. స్పృహ లేకపోతే ఇంటివాళ్ళతో కూర్చుని, ఆయన ఏం కోరుకునేవాడో తేల్చుకోవాలి. గొడవ ఉంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుంటాం. తేలేదాకా గుండె ఆగితే సీపీఆర్ చేస్తాం.

పట్టుపోగు (బరంపురం)

ఇవాళ అడిగాను.

ఆ నర్సు డ్యూటీ ఎనిమిదికి మొదలైంది. ముందు ఆమెకి క్షమాపణ చెప్పాను. అప్పుడు చెప్పింది. నాన్న వారం కిందటే ఆమెతో అన్నారట, ఒడియాలో. డయాలసిస్ యూనిట్‌లో ఆయన పక్క కుర్చీలో రెండేళ్ళు కూర్చున్న పెద్దాయనకి మొన్న వేసవిలో అక్కడే గుండె ఆగింది. తెర లాగి నొక్కారు. తెర చాల్లేదు, నాన్న అంతా చూశారు. ఆయన ఐసీయూలో పన్నెండు రోజులు ఉండి కళ్ళు తెరవకుండానే పోయారు. "నాకు అది వద్దు. మా అమ్మాయికి చెప్పలేను, ఏడుస్తుంది. నువ్వు చెప్పు" అన్నారట. ఈ పిల్ల ఏమందో తెలుసా? "మౌసా, నేను చెప్తే అది నా మాట అయిపోతుంది. మీరే చెప్పండి, నేను పక్కన కూర్చుంటాను" అంది. అందుకే నన్ను అలా అడిగింది. నేనేమో అరిచాను.

గదిలోకి ముగ్గురం వెళ్ళాం, నేను, అమ్మ, ఆ పిల్ల. మాస్టారు చెప్పినట్టే మొదలుపెట్టాను. చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, చలి అన్నారు. మిషను మీద కూర్చున్న నాలుగు గంటలూ ఎముకల్లోకి దిగే చలి, అది ఎవరికీ చెప్పలేదు అన్నారు. నాలుగేళ్ళు నేనే తీసుకెళ్ళి తీసుకొచ్చాను. నాకు తెలియదు.

గుండె సంగతి ఆయనే ఎత్తారు. "పెద్దోడు వచ్చేదాకా అన్నీ చెయ్యండి. వాడు వచ్చి, వాడితో రెండు మాటలు మాట్లాడాక ఇక వద్దు" అన్నారు. నాకు గుండె తేలికపడింది, ఇది బాగుంది కదా అనుకున్నాను. నర్సు మాత్రం డాక్టరు గారిని పిలుచుకొచ్చింది. ఈసారి ఆయన కూర్చున్నారు. నొక్కి గుండె మొదలైనా గొట్టం ఉంటుంది, మాట రాదు, తెలివి వస్తుందన్న హామీ లేదు అని చెప్పారు. నర్సు అదే మాట మెల్లగా ఒడియాలో మళ్ళీ చెప్పింది. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే వాడి కోసం ఆగడం దేనికి? ఇప్పుడే ఫోన్లో చూపించండి" అన్నారు.

నలభై నిమిషాలు వీడియో కాల్. అన్నయ్య మొదట గట్టిగా మాట్లాడాడు. నాన్న వాణ్ణి మాట్లాడనిచ్చారు. తర్వాత పక్క కుర్చీ పెద్దాయన సంగతి చెప్పారు. మిల్లులో జీతం పెరిగిందా అని అడిగారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినందుకు కొట్టిన సంగతి ఒకటి ఉంది, దాని గురించి కూడా మాట్లాడుకున్నారు. అన్నయ్య ఏడ్చాడు. రాత్రే రైలెక్కుతున్నాడు.

సాయంత్రం ఫారం రాశారు. నాన్న ఒడియాలో సంతకం పెట్టారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. డయాలసిస్ యథాప్రకారం ఉంటుంది. ఈసారి దుప్పటి తీసుకెళ్తున్నాం, మిషను వేడి కొంచెం పెంచవచ్చేమో చూస్తామన్నారు. అమ్మ మొక్కు మానలేదు. నాన్న కూడా మానమనలేదు.

గంజాం అబ్బాయి (సూరత్)

అక్కా, చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాన్నకి ఆ వీడియో కాల్ దొరకలేదు. నన్ను ఎవరూ అడగలేదని ఇన్నాళ్ళూ కోపం ఉండేది. ఆయన్ని ఎవరూ అడగలేదన్నది ఇవాళ తగిలింది. సంతకం పెట్టొద్దని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడ్మిషన్ కాగితాల గురించి అన్నది మాత్రం తీసుకోను.

రాత్రి డ్యూటీ

తీసుకోవద్దు తమ్ముడూ. అది అనుకుంటూనే ఉండాలి.

అమ్మా, ఫారం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. షిఫ్ట్ మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన నర్సుకి చెప్పారో లేదో అడగండి. అన్నయ్య వచ్చాక ఒకసారి డాక్టరు గారితో ఆయన్నీ కూర్చోబెట్టండి. దూరం నుంచి వచ్చినవాళ్ళు మొదటి రోజు మంచం మీద మనిషిని చూసి బెదిరిపోతారు. కోపం మళ్ళీ రావచ్చు. వస్తే ఆయన మీద విసుక్కోవద్దు.

పట్టుపోగు (బరంపురం)

అన్నయ్య నిన్న చేరాడు. మీరన్నట్టే అయింది. వార్డు గుమ్మంలో నిలబడి ఫారం చింపేస్తానన్నాడు. నాన్న చెయ్యి చాపి పిలిచారు, వెళ్ళి కూర్చున్నాడు, అంతే. ఇవాళ రెండు గంటలకి డయాలసిస్. దుప్పటి పట్టుకుని వాడే తోడు వెళ్ళాడు.

కొండదారి (రాయగడ జిల్లా)

ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను, రాయలేదు. మా అత్తగారికి లివర్ పాడైంది, ఇంట్లోనే ఉన్నారు. పొట్టలో నీరు తీయించుకుని నిన్ననే తెచ్చాం. ఆవిడకి తెలుగు తప్ప ఏమీ రాదు, ఇక్కడ నర్సులందరూ ఒడియా వాళ్ళు. మధ్యలో మాట చెప్పేది నేనే. కొన్ని మాటలు నేను చెప్పకుండా మింగేస్తున్నాను. రాత్రి డ్యూటీ గారూ, మీతో ఒకసారి మాట్లాడవచ్చా?

రాత్రి డ్యూటీ

పొద్దున 8కి డ్యూటీ దిగుతాను. తొమ్మిది తర్వాత రాయండి. మింగేసిన మాటలు ఏమిటో ముందు అవే రాయండి.